పలుచగా పరిచిన రొద

ఎల్‌సీడీ తెర మీద ఒక బొమ్మ నిలిచి కనిపించాలంటే తెరలోని ప్రతి చుక్కకూ, అంటే ప్రతి పిక్సెల్‌కూ, సాధారణంగా సెకనుకు అరవై సార్లు కొత్త విలువ అందుతూ ఉండాలి. ఆ విలువలన్నీ ఒకదాని వెంట ఒకటిగా, ముందే నిర్ణయమైన క్రమంలో చేరాలి కనుక వాటిని నడిపించడానికి సర్క్యూట్లలో ఎడతెగని సంకేతం ఒకటి ఉంటుంది. వోల్టేజి ఒక స్థాయి నుంచి మరో స్థాయికి ఎగసి, మళ్లీ పడిపోతూ, సమాన వ్యవధుల్లో పునరావృతమయ్యే ఆ సంకేతాన్నే ఎలక్ట్రానిక్స్‌లో క్లాక్ అంటారు. ఒకప్పుడు లాప్‌టాప్‌లలో విస్తారంగా కనిపించిన ఎక్స్‌జీఏ తెరను ఉదాహరణగా తీసుకుంటే, దానిలో అడ్డంగా 1024, నిలువుగా 768 పిక్సెళ్లుంటాయి; కంటికి కనిపించని ఖాళీ వ్యవధులను కూడా కలుపుకుంటే ఒక్కో వరుసకు 1344 క్లాక్ స్పందనలు, ఒక్కో ఫ్రేముకు 806 వరుసలు లెక్కకు వస్తాయి. వాటిని అరవైతో హెచ్చిస్తే సెకనుకు దాదాపు ఆరున్నర కోట్ల స్పందనలు, అంటే 65 మెగాహెర్ట్జ్. ఫుల్ హెచ్‌డీ టీవీకి ఇదే లెక్క 148.5 మెగాహెర్ట్జ్‌కూ, 4కె టీవీకి 594 మెగాహెర్ట్జ్‌కూ చేరుతుంది.

ఈ పౌనఃపున్యాలు రేడియో ప్రసారాలు నడిచే శ్రేణిలోనే ఉండడం వల్ల చిక్కు మొదలవుతుంది. పునరావృతమయ్యే ఏ తరంగాన్నైనా వేర్వేరు పౌనఃపున్యాల సైన్ తరంగాల మొత్తంగా విడదీయవచ్చునని ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్ 1822లో ప్రచురించిన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో ప్రతిపాదించాడు. నిట్టనిలువుగా ఎగసి, అంతే నిటారుగా పడిపోయే క్లాక్ సంకేతాన్ని అలా విడదీస్తే 65 మెగాహెర్ట్జ్ మూల పౌనఃపున్యంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లుగా 130, 195, 260 మెగాహెర్ట్జ్‌ల వద్ద కూడా శక్తి కనిపిస్తుంది. ఈ గుణిజాలనే అనుస్వరాలు లేక హార్మోనిక్‌లు అంటారు. ఎగువ వ్యవధి, దిగువ వ్యవధి కచ్చితంగా సమానమైతే బేసి గుణిజాలు మాత్రమే మిగలాలి కాని, వాస్తవంలో ఏ క్లాక్‌కూ అంత సమానత్వం ఉండదు కనుక సరి గుణిజాలు కూడా ఎంతో కొంత బలంతో ఉంటాయి. పైలట్లు నేల మీది నియంత్రణ కేంద్రాలతో మాట్లాడే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌ల పట్టీలోకి 130 వచ్చి పడుతుంది. వీహెచ్‌ఎఫ్ టీవీ ప్రసారాలకు కేటాయించిన 174 నుంచి 230 వరకు గల పట్టీలోకి 195 చేరుతుంది. పాత వీజీఏ తెరల 25.175 మెగాహెర్ట్జ్ క్లాక్‌కు నాలుగో అనుస్వరం 100.7 మెగాహెర్ట్జ్, అది సరిగ్గా ఎఫ్‌ఎం రేడియో పట్టీ మధ్యలో ఉంటుంది. సంకేతం ఎంత వేగంగా ఎగసిపడితే అనుస్వరాలు అంత దూరం బలం కోల్పోకుండా సాగుతాయి. ఒక నానోసెకనులో స్థాయి మారే క్లాక్‌లో సుమారు 318 మెగాహెర్ట్జ్ దాటిన తరువాతే అవి వేగంగా సన్నగిల్లడం మొదలుపెడతాయి.

సర్క్యూట్‌లో శక్తి ఉన్నంత మాత్రాన అది గాలిలోకి పోదు. పోవడానికి యాంటెన్నా కావాలి. చదునైన తెరలో ఆ పాత్ర ఎక్కువగా తెరకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉండే కేబుల్‌ది. లాప్‌టాప్‌లో అది మడతబందు గుండా పైకి వెళ్తుంది, టీవీలో వెనుక పలక మీదుగా సాగుతుంది. వైర్ల జతలో ఒకదానిలో పోయిన ప్రవాహం రెండోదానిలో పూర్తిగా తిరిగి వస్తే రెండింటి క్షేత్రాలూ దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తిరిగి రాని స్వల్ప భాగం మాత్రం రెండు వైర్లలోనూ ఒకే దిశలో పయనించి కేబుల్‌ను యాంటెన్నాగా మార్చేస్తుంది. ఆ భాగం ఎంత స్వల్పమైనా చాలుననడానికి ఒక లెక్క ఉంది: 50 మెగాహెర్ట్జ్ వద్ద ఒక మీటరు పొడవున్న కేబుల్‌లో కేవలం 5 మైక్రోఆంపియర్ల అసమ ప్రవాహం ఉంటే మూడు మీటర్ల దూరంలో మీటరుకు సుమారు 100 మైక్రోవోల్టుల క్షేత్రం ఏర్పడుతుంది, ఇళ్లలో వాడే పరికరాలకు అమెరికా నిబంధనలు ఆ పౌనఃపున్యం వద్ద అనుమతించే గరిష్ఠ పరిమితి కూడా అంతే.

తొలి తరం తెరల్లో ఈ సమస్య ఇంకా తీవ్రంగా ఉండేది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఆరేసి బిట్ల చొప్పున పద్దెనిమిది వైర్లు, వాటికి తోడు క్లాక్, సమకాలీకరణ సంకేతాల వైర్లు సమాంతరంగా సాగుతూ, ప్రతి పిక్సెల్‌కూ కొన్ని వోల్టుల మేర ఒక్కసారిగా ఎగసిపడుతుండేవి. 1990ల మధ్యలో నేషనల్ సెమీకండక్టర్ సంస్థ తెచ్చిన ఎఫ్‌పీడీ-లింక్ ఆ గుంపును నాలుగు జతలకు కుదించింది. మూడు జతలు రంగుల విలువలను ఒక్కో క్లాక్ వ్యవధికి ఏడు బిట్ల చొప్పున వరుసగా మోస్తే, నాలుగో జత క్లాక్‌ను మోస్తుంది. దీనికి ఆధారమైన ఎల్‌వీడీఎస్ పద్ధతిలో వోల్టేజి ఊగిసలాట సుమారు 350 మిల్లీవోల్టులకు తగ్గింది, జతలోని రెండు వైర్లలో సంకేతాలు ఎప్పుడూ పరస్పరం వ్యతిరేక దిశల్లో ఉంటాయి. ఫలితం గణనీయమైనదే. అయినా ఎల్‌వీడీఎస్ జతలో ప్రవహించే సుమారు 3.5 మిల్లీఆంపియర్లను పైన చెప్పిన 5 మైక్రోఆంపియర్లతో పోల్చితే, ఏడు వందల వంతుల్లో ఒక వంతు మేర అసమానత ఏర్పడినా పరిమితిని అంటుకుంటుందని తేలుతుంది. కనెక్టర్‌లో ఒక పిన్ను కాస్త పొడవుగా ఉన్నా, బోర్డు మీద ఒక గీత మరోదానికంటే కొంచెం ఎక్కువ వంపు తిరిగినా ఆ మాత్రం తేడా రావచ్చు.

ఒక పరికరం నుంచి కోరకుండా వెలువడిన తరంగాలు మరో పరికరం పనికి అడ్డుపడడాన్ని విద్యుదయస్కాంత అంతరాయం లేక ఈఎంఐ అంటారు. రేడియో వ్యాపించిన కొద్ది కాలానికే ఈ సమస్య దేశాల సరిహద్దులు దాటింది. దానిపై ఉమ్మడి ప్రమాణాల కోసం ఏర్పడిన సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ సంఘం 1934లోనే పారిస్‌లో సమావేశమైంది. వ్యక్తిగత కంప్యూటర్లు, వీడియో గేములు ఇళ్లలోకి రావడం మొదలైన దశలో, 1979లో, అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ డిజిటల్ పరికరాలకు ఉద్గార పరిమితులు విధించింది. ఈ నియమాలు కాగితం మీది జాగ్రత్తలు మాత్రమే కావనడానికి 2004 అక్టోబరులో ఓరెగాన్ రాష్ట్రంలోని కోర్వాలిస్ పట్టణంలో జరిగిన సంఘటన సాక్ష్యం. అక్కడి ఒక ఇంట్లోని టీవీ, విమానాల ఆపద సంకేతాలకు ప్రత్యేకించిన 121.5 మెగాహెర్ట్జ్ వద్ద తరంగాలు వెలువరించింది. వాటిని ఉపగ్రహం అందుకోవడంతో, ఎక్కడో ప్రమాదం జరిగిందనుకున్న గాలింపు సిబ్బంది ఆ ఇంటి తలుపు తట్టారు. ఆ టీవీలో దోషం ఏదైనా, ఆపదలో ఉన్నవారి పిలుపు వినడానికి నియమించిన మనుషుల సమయం ఒక వినోద పరికరం వల్ల వృథా అయిందన్నది మాత్రం వాస్తవం.

ఈ పరిమితులకు లోబడడానికి వాడే సాధనాల్లో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ క్లాక్, అంటే పౌనఃపున్యాన్ని కావాలని కాస్త పరిచిన క్లాక్, ఒకటి. పరిమితిని ఎలా కొలుస్తారో తెలియనిదే అది ఎందుకు పనిచేస్తుందో అర్థం కాదు. 30 మెగాహెర్ట్జ్ నుంచి ఒక గిగాహెర్ట్జ్ వరకు కొలిచే రిసీవర్ మొత్తం వర్ణపటాన్ని ఒకేసారి చూడదు. 120 కిలోహెర్ట్జ్ వెడల్పున్న సన్నని కిటికీని జరుపుకుంటూ, ఆ కిటికీలో ఎంత శక్తి పడిందో చూస్తుంది. ఈ వెడల్పు ఎఫ్‌ఎం, టీవీ వంటి ఆనాటి ప్రసారాలను అందుకునే సాధనాలను మనసులో పెట్టుకుని నిర్ణయించినది. క్లాక్ పౌనఃపున్యం అణువంతైనా కదలకుండా ఉంటే దాని అనుస్వరం సూదిమొనలా సన్నగా ఉండి, తన శక్తినంతా ఒకే కిటికీలో గుమ్మరిస్తుంది. క్లాక్‌కు ఆధారమైన, గొప్ప స్థిరత్వం ఉన్న క్వార్ట్జ్ స్ఫటికం ఇక్కడ అపకారమే చేస్తుంది.

పరిష్కారం ఇక్కడి నుంచే పుట్టింది. క్లాక్ పౌనఃపున్యాన్ని ఒకే చోట నిలపకుండా, ఒక చిన్న పరిధిలో నెమ్మదిగా పైకీ కిందికీ జరుపుతూ పోతే అనుస్వరం శక్తి ఆ పరిధి అంతటా పరుచుకుంటుంది. కళ్లంలో కుప్పగా ఉన్న ధాన్యాన్ని ఎండకు పలుచగా ఆరబోస్తే గింజల లెక్క మారదు, రాశి ఎత్తు తగ్గుతుంది. క్లాక్ విషయంలోనూ మొత్తం శక్తి అంతే ఉండి, ఏ ఒక్క కిటికీలోనైనా పడే భాగం మాత్రం తగ్గుతుంది. ప్రింటర్లు తయారుచేసే లెక్స్‌మార్క్ సంస్థ ఇంజనీర్లు కీత్ హార్డిన్, జాన్ ఫెస్లర్, డొనాల్డ్ బుష్ 1994లో షికాగోలో జరిగిన సదస్సులో ఈ పద్ధతిని వివరించారు. ప్రింటర్ కోసం ఆలోచించినది కంప్యూటర్లకూ, తెరలకూ వ్యాపించడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఎంత మేలు జరుగుతుందో ఎక్స్‌జీఏ తెర మీదనే లెక్కవేసి చూడవచ్చు. 65 మెగాహెర్ట్జ్‌ను ఒక శాతం మేర పరిస్తే మూల పౌనఃపున్యం 650 కిలోహెర్ట్జ్ వెడల్పుకు విస్తరిస్తుంది, అంటే 120 కిలోహెర్ట్జ్ కిటికీకి అయిదు రెట్లు మించి. శక్తి సగటును బట్టి వేసే స్థూలమైన అంచనా ప్రకారం ఇది 7 డెసిబెళ్లకు కాస్త ఎక్కువ తగ్గుదల. మూడో అనుస్వరం పరుపు మూడు రెట్లై 1.95 మెగాహెర్ట్జ్‌కు చేరడంతో అక్కడ తగ్గుదల 12 డెసిబెళ్లకు పెరుగుతుంది, అంటే వోల్టేజి లెక్కలో నాలుగో వంతు మిగులుతుంది. శిఖరాన్ని పట్టుకునే రిసీవర్ చూపే తగ్గుదల ఈ అంచనా కంటే కొంత తక్కువగానే ఉంటుంది. అయినా అనుస్వరం అంకె పెరిగేకొద్దీ మేలు పెరగడం ఈ పద్ధతిలోని అందమైన గుణం, ఎందుకంటే రేకు కవచాలు, ఫెరైట్ పూసలు వంటి సాధనాలతో అణచడానికి మొండికేసేవి తరచుగా ఆ పై అనుస్వరాలే.

పౌనఃపున్యాన్ని ఏ లయలో, ఏ ఆకారంలో జరపాలన్నది వేరే ప్రశ్న. జరిపే వేగం సాధారణంగా సెకనుకు 30 వేల నుంచి 33 వేల సార్లు ఉంటుంది. మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది కనుక అంతకంటే తక్కువలో జరిపితే ఆ ఊగిసలాట ఎక్కడో ఒక స్పీకర్‌లో కూతగా వినిపించే ప్రమాదముంది. మరీ వేగంగా జరిపితే క్లాక్‌ను అనుసరించాల్సిన తరువాతి సర్క్యూట్లు వెంట రాలేవు, పైగా పరుచుకున్న శక్తి గీతల మధ్య దూరం పెరిగి కిటికీలో మళ్లీ ఒంటరి శిఖరాలు కనిపిస్తాయి. ఇక ఆకారం సంగతికి వస్తే, సైన్ తరంగం లాగా జరిపితే పౌనఃపున్యం రెండు కొసల దగ్గర ఎక్కువసేపు తచ్చాడి, పరుపుకు రెండు వైపులా కొమ్ములు లేస్తాయి. సమవేగంతో వెళ్లి తిరిగివచ్చే త్రిభుజాకారం దీనికంటే చాలా మేలు. కొసల దగ్గర ఇంకొంచెం త్వరపడి, మధ్యలో కాస్త నింపాదిగా నడిచే వంపును లెక్స్‌మార్క్ ఇంజనీర్లు రూపొందించారు; దాని గీత అమెరికాలో దొరికే ఒక చాక్లెట్ బిళ్లను పోలి ఉండడంతో ఇంజనీర్ల మాటల్లో దానికి హెర్షీ కిస్ అన్న పేరు స్థిరపడింది. ఈ మూడింటిలో దాని పరుపే ఎక్కువ చదునుగా ఉంటుంది.

పరిధిని అసలు పౌనఃపున్యానికి రెండు వైపులా సమానంగా తీసుకోవచ్చు, లేదా కింది వైపే తీసుకోవచ్చు. సర్క్యూట్లు తాము తట్టుకోగల గరిష్ఠ వేగానికి రూపొందినవి కనుక దాన్ని ఎన్నడూ దాటనివ్వని రెండో పద్ధతికే ఆదరణ ఎక్కువ. కంప్యూటర్లను తెరలతో కలిపే డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణం కూడా కింది వైపు 0.5 శాతం వరకు, 30 నుంచి 33 కిలోహెర్ట్జ్ లయతో పరచడాన్ని అనుమతిస్తుంది. తెర తనకు ఇది సమ్మతమేనని ముందే తెలియజేస్తుంది, కంప్యూటర్ తాను పరుస్తున్న సంగతిని దానికి చెబుతుంది. కింది వైపు ఒక శాతం పరిచిన ఎక్స్‌జీఏ తెరలో సగటు వేగం అర శాతం తగ్గి, సెకనుకు 60 ఫ్రేములకు బదులు 59.7 ఫ్రేములు పడతాయి. దాన్ని ఏ కన్నూ గుర్తించలేదు.

క్లాక్‌ను ఇలా కావాలని కదిలిస్తే బొమ్మ వణకదా అన్న సందేహం సహజం. 65 మెగాహెర్ట్జ్ క్లాక్ ఒక్కో స్పందనకు 15.4 నానోసెకన్లు తీసుకుంటుంది; ఒక శాతం మార్పు అంటే ఆ వ్యవధిలో సుమారు 154 పికోసెకన్ల తేడా. ఆ తేడా ఒక్కసారిగా రాదు. 33 కిలోహెర్ట్జ్ లయలో పై కొస నుంచి కింది కొసకు చేరడానికి సుమారు 985 స్పందనలు పడతాయి కనుక, ఒక స్పందనకూ దాని పక్కదానికీ మధ్య వచ్చే తేడా పికోసెకనులో ఆరో వంతుకు మించదు. ఎల్‌వీడీఎస్‌లో ఒక బిట్టు వ్యవధి 2.2 నానోసెకన్లు, దాని ముందు ఈ తేడా లెక్కలోకి రాదు. పైగా క్లాక్ జత, రంగుల జతలు కలిసే పయనిస్తాయి కనుక ఒకటి నెమ్మదిస్తే మిగతావీ నెమ్మదిస్తాయి, తెరలోని టైమింగ్ కంట్రోలర్ చిప్ అన్నింటినీ ఒకే కొలతతో చూస్తుంది.

బయటి నుంచి స్థిరమైన మరో క్లాక్‌తో పోల్చినప్పుడు మాత్రం కథ మారుతుంది. అలా పోలిస్తే, పరిచిన క్లాక్ ప్రతి ఊగులోనూ రెండున్నర పిక్సెళ్ల మేర ముందుకూ వెనక్కూ జరిగినట్టు కనిపిస్తుంది. పాత వీజీఏ కేబుల్‌లో పిక్సెల్ క్లాక్ తెరకు అందదు. వరుస మొదలైందని చెప్పే సంకేతాన్ని, ఎక్స్‌జీఏలో సెకనుకు సుమారు 48,363 సార్లు వచ్చేదాన్ని, ఆధారం చేసుకుని తెర తానే సొంతంగా క్లాక్‌ను తయారుచేసుకుంటుంది. వరుస మధ్యలో జరిగే ఊగును అది అనుసరించలేదు కనుక, అటువంటి చోట పరిచిన క్లాక్‌ను వాడితే అక్షరాల అంచులు అలలాడతాయి. లాప్‌టాప్ లోపలి తెరకు కూడా ఇది పూర్తిగా నిశ్చింత కాదు: లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌కు, తెర క్లాక్‌ను పరచాలా వద్దా అని చెప్పే ప్రత్యేకమైన అమరిక ఒకటి ఉండడానికి కారణం, అన్ని యంత్రాలకూ ఒకే జవాబు సరిపోకపోవడమే.

శక్తిని తగ్గించకుండా కొలిచే కిటికీని తప్పించుకునే ఈ పద్ధతి పరీక్షను మోసగించడం కాదా అన్న ఆక్షేపణ మొదటి నుంచీ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. కిటికీ వెడల్పు యాదృచ్ఛికం కాదు. ఇరుకైన పట్టీలో వినే రేడియోలకు ఏది నిజంగా అడ్డమో దాన్నే కొలవడానికి అది ఏర్పడింది. అటువంటి రేడియోకు, ఆ సూది సరిగ్గా తన స్టేషన్ మీద పడినప్పుడు, పలుచబడిన రొద నిజమైన ఉపశమనమే. కాని వెడల్పైన పట్టీలను ఒకేసారి అందుకునే సాధనాల విషయంలో ఆ వాదన నిలవదు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున వినే వై-ఫై రిసీవర్‌కు పరిచిన రొదలో చాలా భాగం తన పట్టీలోనే పడవచ్చు. అక్కడ మొత్తం శక్తిదే లెక్క, అది తగ్గలేదు. ఒక్కోసారి కీడే ఎక్కువ కావచ్చు, ఎందుకంటే పట్టీలోని సన్నని ఉపవాహకాల్లో (సబ్‌క్యారియర్లలో) ఒకదాన్ని మాత్రమే చెడగొట్టే సూదిని డిజిటల్ రిసీవర్ దిద్దుకోగలదు, అనేక ఉపవాహకాల మీద వ్యాపించిన రొదను దిద్దుకోవడం అంత సులభం కాదు. లాప్‌టాప్‌లలో వై-ఫై యాంటెన్నాలు చాలావరకు తెర చుట్టూ ఉన్న చట్రంలోనే, ఆ కేబుల్‌కు కొన్ని అంగుళాల దూరంలోనే ఉంటాయి కనుక ఇది పుస్తకాల సందేహం కాదు.

అందువల్ల ఈ పద్ధతి విలువ అంతా దానికి ముందు చేసిన పని మీద ఆధారపడుతుంది. కేబుల్ జతల పొడవులు సమానంగా ఉండాలి. క్లాక్ గీత కింద నేల పలక (గ్రౌండ్ ప్లేన్) తెగిపోకుండా సాగాలి. తెర లోహపు చట్రం, మదర్‌బోర్డు నేల ఒకదానితో ఒకటి అనేక చోట్ల కలవాలి. అంచులు అవసరానికి మించి నిటారుగా ఎగయకూడదు. ఇవన్నీ శక్తిని మూలంలోనే తగ్గించే పనులు. రేడియో వర్ణపటం పైలట్లూ, జాలర్లూ, శ్రోతలూ అందరూ కలిసి వాడుకునే ఉమ్మడి ఆస్తి కనుక, ముందు తన వంతు చెత్తను తగ్గించి, మిగిలినదాన్ని పలుచగా పరిచిన తయారీదారుకూ, ఏమీ తగ్గించకుండా పరిచి పరీక్ష గట్టెక్కినవాడికీ మధ్య తేడా ధ్రువపత్రంలో కనిపించకపోయినా ఆ తేడా నిజమైనదే. పరీక్షశాలలో ఆ తేడాను పట్టుకునే పద్ధతి చాలా సాదాది: తరంగాలను పీల్చుకునే గోడలున్న గదిలో పరికరాన్ని ముందు స్ప్రెడ్‌ను ఆపి కొలవాలి, అనుస్వరాలు ఎక్కడెక్కడ ఎంత ఎత్తున్నాయో చూసి వాటి మూలాలను సరిచేయాలి, ఆ తరువాతే స్ప్రెడ్‌ను పెట్టి మళ్లీ కొలవాలి. ఈ రకమైన కొలతల సౌకర్యాలు హైదరాబాదులోని ఈసీఐఎల్‌లో ఉన్నాయి. విశాఖపట్నం దగ్గర గంభీరంలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సమీర్‌కు విద్యుదయస్కాంత ప్రభావాల అధ్యయనానికే ప్రత్యేకించిన కేంద్రం ఉంది.

స్మార్ట్‌ఫోన్లలో ఈ సమస్యకు మరో తరహా జవాబు రూపుదిద్దుకుంది. తెర, యాంటెన్నా, ప్రాసెసర్ అన్నీ అరచేతిలో ఇమిడే చోట అనుస్వరాన్ని పరచడం కంటే, అసలు దాన్ని పక్కకు తప్పించడమే మేలని అనేక తయారీదారులు భావించారు. ఫోన్ ఏ టవర్‌తో, ఏ ఛానెల్‌లో మాట్లాడుతోందో మోడెమ్‌కు తెలుసు కనుక, తెరకు వెళ్లే క్లాక్ అనుస్వరం ఆ ఛానెల్ మీద పడుతుందని తేలినప్పుడు తెర డ్రైవర్ ఆ క్లాక్‌ను కొన్ని మెగాహెర్ట్జ్‌లు పక్కకు జరుపుతుంది, దానికి తగ్గట్టు వరుసల మధ్య ఖాళీ వ్యవధులను సర్ది ఫ్రేముల వేగాన్ని మునుపటిలాగే నిలుపుతుంది. ఫోన్ ఒక టవర్ పరిధి నుంచి మరో టవర్ పరిధిలోకి వెళ్లి ఛానెల్ మారినప్పుడు తెర క్లాక్ కూడా మారుతుంది. చూస్తున్న వీడియోలో ఒక్క ఫ్రేము కూడా తప్పిపోకుండా ఈ మార్పును రెండు ఫ్రేముల నడుమ ఉండే ఖాళీలో పూర్తి చేయడం ఆ డ్రైవర్‌ను రాసే ఇంజనీర్ల ముందున్న పని.